తేజ రకం మిర్చి ధర 180 అని పడితే ఎవరు పట్టుకోవాలి?

గుంటూరులో మిర్చి కొని ఎగుమతి చేసేవాళ్ల దగ్గర డేటా చూసుకోవడం నా పని. కిందటి సీజన్‌లో తేజ ధర క్వింటాలుకి 18,000 అని పడాల్సిన చోట కిలో లెక్కన 180 అని పడింది. ప్రోగ్రాం ఆగలేదు, ఎర్రరూ రాలేదు. ఓనరు ఫోన్ చేసి "ఏంటయ్యా, మార్కెట్ కూలిందా?" అన్నాకే తెలిసింది.

డేటా అబ్జర్వబిలిటీ అంటే ఆ ఫోన్ రాకముందే మనకి తెలియడం. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. చివరి ఎంట్రీ ఎప్పుడు పడిందో గంటకోసారి చూసే చిన్న క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) రాయండి, ఆలస్యమైతే మెసేజ్ రావాలి. యార్డు సెలవు రోజుల్ని మినహాయించండి. నేను మర్చిపోయి ఓ ఆదివారం పొద్దున్నే అనవసరంగా టెన్షన్ పడ్డాను. వచ్చిన టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కతో టేబుల్‌లో పడిన వరుసల సంఖ్య పోల్చండి. ధరకి కిందా పైనా హద్దులు పెట్టి, దాటితే రిపోర్టు ఆపేయండి. తేజకీ తాలు కాయలకీ (రంగు పోయిన నాసిరకానికీ) ఒకే హద్దు పనికిరాదు, రకానికొకటి ఉండాలి. కాలమ్ పేరు మారినా అలర్ట్ రావాలి. ఏ రిపోర్టుకి ఏ టేబుల్ నుంచి డేటా వస్తుందో కాగితం మీద గీసి గోడకి అంటించండి.

అలర్టులు మాత్రం ఐదారుకి మించనివ్వొద్దు. నేను ముప్పై పెడితే మావాళ్లు అలర్టులొచ్చే గ్రూపునే మ్యూట్ చేశారు.