టెన్షన్‌ని ఆపాలని చూడకండి, దానికో టైమ్ పెట్టండి

"టెన్షన్ పడకు" అనే మాట విని టెన్షన్ తగ్గించుకున్నవాళ్లని నేనైతే చూడలేదు. వద్దనుకున్న కొద్దీ అదే ఆలోచన మళ్లీ మళ్లీ వస్తుంది. 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు కొంతమందిని కూర్చోబెట్టి, 5 నిమిషాల పాటు తెల్ల ఎలుగుబంటి గురించి మాత్రం ఆలోచించొద్దు, గుర్తొస్తే గంట కొట్టండి అన్నాడు. గంట మోగుతూనే ఉంది. అందుకే ఆందోళనని అణిచేసే ప్రయత్నం మానేసి, అది ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఉండాలో మీరే నిర్ణయించడం నేర్చుకోండి. ఇది సాధ్యమే, కాకపోతే కొన్ని వారాలు పడుతుంది.

ముందు మీ దిగులు ఏ రకమో చూసుకోండి. రాత్రి 9 గంటలకి మేనేజర్ నుంచి "రేపు ఒకసారి మాట్లాడాలి" అని మెసేజ్ వచ్చిందనుకుందాం. అంతే ఉంది, ఇంకేం లేదు. కానీ తప్పేదో చేశానేమో, తీసేస్తారేమో, అప్పు ఎలా కట్టాలి, ఇంట్లో ఏం చెప్పాలి అని పది నిమిషాల్లో బుర్ర ఎక్కడికో వెళ్లిపోతుంది. అప్పుడు కాగితం తీసుకుని ఒక పక్కన "నాకు తెలిసింది", రెండో పక్కన "నేను ఊహించుకున్నది" అని రాయండి. మొదటి పక్కన ఒక్క లైనే వస్తుంది. తర్వాత, ఇప్పుడు నేను చేయగలిగింది ఏమైనా ఉందా అని అడగండి. ఉంటే వెంటనే చేసేయండి: "సరే సర్, ఏ విషయం? ఏమైనా రెడీ చేసుకుని రావాలా?" అని ఒక్క మెసేజ్. అక్కడితో మీ చేతిలో ఉన్న పని అయిపోయింది. మిగతాదంతా ఉత్త "అలా అయితేనో" రకం, దానికి ఎంత ఆలోచించినా సమాధానం దొరకదు.

ఆ రకం దిగులుకే టైమ్ కేటాయించాలి. థామస్ బోర్కోవెక్ అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లు 1983లో దీన్ని పరీక్షించారు: రోజూ ఒకే చోట, ఒకే వేళకి అరగంట కూర్చుని దిగులు పడాలి, మిగతా రోజంతా వచ్చిన దిగుళ్లని ఆ అరగంటకి వాయిదా వేయాలి. నాలుగు వారాల్లో, ఇలా చేసినవాళ్లకి చేయనివాళ్ల కంటే దిగులు బాగా తగ్గింది. మీరు 20 నిమిషాలతో మొదలుపెట్టినా చాలు. సాయంత్రం 6 గంటల ప్రాంతం మంచిది, పడుకునే ముందు మాత్రం వద్దు, మంచం మీద అసలే వద్దు. పగలు ఏదైనా దిగులు పుడితే "ఇంటర్వ్యూ", "అమ్మ రిపోర్టు" అని రెండు ముక్కలు రాసుకుని, సాయంత్రం చూద్దాం అనుకుని చేతిలో పనికి తిరిగి వచ్చేయండి. మొదట్లో అది వందసార్లు వెనక్కి వస్తుంది, వందసార్లూ ఇదే జవాబు చెప్పాలి. ఇక్కడే చాలామంది "నా వల్ల కావట్లేదు" అని వదిలేస్తారు, వదలకండి, అలా వెనక్కి పంపడమే అసలు సాధన.

ఆ టైమ్ వచ్చాక అలారం పెట్టుకుని చీటీ తీయండి. పొద్దున గుండె దడ పుట్టించినవాటిలో కొన్ని సాయంత్రానికే చప్పబడి ఉంటాయి, కొట్టేయండి. మిగిలినవాటి గురించి తనివితీరా దిగులు పడండి, ఎవరూ ఆపరు. అలారం మోగగానే లేచి ఇంకో పనిలో పడండి. వీలైతే ప్రతి దిగులు పక్కన "ఏం జరుగుతుందని నా భయం, ఎప్పటిలోగా" అని కూడా రాసి, ఆ తేదీ దాటాక తిరిగి చూడండి. లాఫ్రెనియర్, న్యూమన్ అనే పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో తీవ్రమైన ఆందోళన సమస్య ఉన్నవాళ్లతో ఇలాగే రాయించి చూస్తే, నూటికి 91 భయాలు నిజం కాలేదు. మీ లెక్క మీరే కళ్లారా చూసుకుంటే కలిగే నమ్మకం ఎవరు ధైర్యం చెప్పినా రాదు.

ఇక ధైర్యం చెప్పించుకోవడం. దీని గురించి కాస్త గట్టిగానే చెప్తాను. "ఏం కాదు కదా?" అని ఇంట్లోవాళ్లని పదేపదే అడగడం, ఒంట్లో కాస్త నొప్పి రాగానే నెట్‌లో వెతకడం, పంపిన మెసేజ్‌ని తెరిచి తెరిచి చదువుకోవడం, ఇవన్నీ ఆందోళనకి మేత. అడిగిన వెంటనే మనసు కుదుటపడుతుంది, పావుగంటకి మళ్లీ మొదలు. ఎందుకంటే అడగబట్టే గండం గడిచిందని మెదడు నేర్చుకుంటుంది, అడక్కపోయినా ఏమీ అయ్యేది కాదని తెలుసుకునే అవకాశమే దానికి రాదు. భయపడి ఫోన్ ఎత్తకపోవడం, మీటింగ్ ఎగ్గొట్టడం కూడా ఇదే బాపతు. ఒక్కసారిగా మానలేరు కాబట్టి, అడగాలనిపించినప్పుడు ముందు 10 నిమిషాలు ఆగండి, కొన్నాళ్లకి అరగంట. ఇంట్లోవాళ్లకీ ముందే చెప్పి ఉంచండి, "మళ్లీ అడిగితే జవాబు చెప్పకు, ఇందాకే మాట్లాడుకున్నాం కదా, పద, కాసేపు నడిచొద్దాం అను" అని. ఇంట్లో ఆందోళన పడేవాళ్లు ఉన్నవారికీ ఇదే మాట. ఇది కఠినంగా ఉండటం కాదు, వాళ్లకి మీరు చేయగలిగిన పెద్ద సాయం.

గుండె దడదడలాడి చేతులు చల్లబడినప్పుడు గట్టిగా పెద్ద పెద్ద ఊపిరులు తీయకండి. అలా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ మెల్లగా పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి, ఒక ఐదు నిమిషాలు. ప్రశాంతంగా ఉన్నప్పుడే అలవాటు చేసుకుంటే అవసరానికి పనికొస్తుంది. కాఫీ తాగిన 5 గంటల తర్వాత కూడా అందులోని కెఫీన్ సుమారు సగం ఒంట్లోనే ఉంటుంది, కాబట్టి మధ్యాహ్నం తర్వాత మానేసి చూడండి. రాత్రి బుర్ర ఆగకపోతే, రేపు చేయాల్సిన పనుల లిస్టు 5 నిమిషాలు రాసి పడుకోండి.

ఇవన్నీ రోజువారీ టెన్షన్‌కి. ఆరు నెలలుగా దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండి, నిద్ర, పని, తిండి దెబ్బతింటుంటే డాక్టర్‌ని కలవండి. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స), మందులు రెండూ బాగా పనిచేస్తాయి. థైరాయిడ్ ఎక్కువైనా ఇవే లక్షణాలు వస్తాయి కాబట్టి రక్తపరీక్ష అవసరమా అని అడగండి. ఛాతీలో నొప్పి వస్తే టెన్షనే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చచ్చిపోవాలనిపిస్తే ఒంటరిగా ఉండకండి, ఇవాళే, ఇప్పుడే ఎవరో ఒకరికి చెప్పండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఎప్పటినుంచి ఇలా ఉంది, రాత్రి ఎన్ని గంటలు నిద్ర పడుతోంది, ఏ మందులు వాడుతున్నారు, కాఫీ టీలు ఎన్ని తాగుతున్నారు అన్నది రాసుకుని వెళ్లండి, అక్కడికెళ్లాక కంగారులో సగం మర్చిపోతారు.