కీటోలో రాత్రి మూడింటికి మెలకువ వస్తోందా? ముందు ఉప్పు సంగతి చూడండి

కీటో, అంటే అన్నం లాంటి పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి, మొదలుపెట్టిన 9వ రోజు రాత్రి, 2.40కి, నా ఎడమకాలి పిక్క పట్టేసింది. పట్టేయడమంటే మామూలుగా కాదు, చర్మం కింద నిమ్మకాయంత ముద్ద బిగుసుకుని పైకి లేచింది. మంచం దిగి గోడ పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, బొటనవేలు నా వైపుకి లాక్కుంటూ రెండు నిమిషాలు నరకం చూశాను. నొప్పి తగ్గింది గానీ నిద్ర మళ్లీ రాలేదు. అంతకు ముందు నాలుగు రోజులుగా అదే వరస: పదిన్నరకి పడుకుంటే పన్నెండింటికి ఒకసారి బాత్‌రూమ్‌కి, రెండింటికి ఇంకోసారి, ఆ పైన గుండె దడదడ, ఇక తెల్లారేదాకా తిరిగే ఫ్యాన్‌ని చూస్తూ జాగారం. శివరాత్రికి కూడా అంత నిష్ఠగా ఎప్పుడూ మేలుకోలేదు నేను.

"అన్నం మానేస్తే నిద్రెక్కడ పడుతుందిరా" అంది మా అమ్మ పొద్దున్నే. అప్పుడు విసుక్కున్నాను గానీ ఆవిడ మాటలో సగం నిజం ఉంది. 2007లో ఆస్ట్రేలియాలో కొద్దిమంది మగవాళ్ల మీద ఒక చిన్న అధ్యయనం చేశారు. పడుకోవడానికి నాలుగు గంటల ముందు త్వరగా అరిగే రకం అన్నం తిన్నవాళ్లకి సగటున 9 నిమిషాల్లో నిద్ర పట్టింది, నెమ్మదిగా అరిగే రకం తిన్నవాళ్లకి పదిహేడున్నర నిమిషాలు పట్టింది. మధ్యాహ్నం పప్పన్నం తిని కుర్చీలోనే జోగే జాతి మనది, మనకి ఇది వేరే చెప్పాలా. ఆ అలవాటున్న ఒంటికి ఉన్నట్టుండి అన్నం ఆపేస్తే కొన్నాళ్లు నిద్ర తేడా చేస్తుంది. అయితే నన్ను మూడింటికి లేపింది అన్నం లేకపోవడం కాదు, ఉప్పు లేకపోవడం. మీ విషయంలోనూ అదే అయ్యే అవకాశం ఎక్కువ, అందుకే నిద్రమాత్రల జోలికీ, మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ మాత్రల జోలికీ వెళ్లే ముందు అక్కడ మొదలుపెట్టమంటాను.

ఏం జరుగుతుందంటే, పిండిపదార్థాలు తగ్గించగానే రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ ఎక్కువున్నప్పుడు కిడ్నీలు ఉప్పులో ఉండే సోడియాన్ని పట్టి ఉంచుకుంటాయి, తగ్గగానే వదిలేస్తాయి. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్, అంటే నిల్వ చక్కెర, ఖర్చవుతుంటే దాని వెంట ఉన్న నీళ్లూ పోతాయి, ఒక గ్రాము గ్లైకోజెన్‌కి దాదాపు మూడు గ్రాముల నీళ్లు. మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గామని స్టేటస్‌లు పెట్టుకుంటాం చూడండి, అందులో కొవ్వు కొంచెమే, ఎక్కువ భాగం ఈ నీళ్లూ ఉప్పే. తలనొప్పి, నీరసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, పడుకుంటే గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపించడం, అన్నీ ఈ బాపతే. పైగా మనం ఉప్పు ఎక్కువగా తినేది దేనితో? పచ్చడి అన్నం, సాంబారు, ఆవకాయ, ఉప్మా, చిప్స్. అన్నంతో పాటు అవీ పోయాయి. ఒంట్లోంచి ఎక్కువ పోతోంది, నోట్లోకి తక్కువ వస్తోంది.

నేను చేసింది సింపుల్. పప్పు వేయని చారు కాయించుకున్నాను: చిటికెడు పసుపు, కాస్త చింతపండు, దంచిన మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, కొత్తిమీర, పైన చెంచా నెయ్యితో పోపు. సాయంత్రం 5 గంటలకి ఒక పెద్ద గ్లాసు, అందులో పావు టీస్పూన్ ఉప్పు. పొద్దున నిమ్మకాయ నీళ్లలో ఇంకో పావు. మొత్తం అర టీస్పూన్, అంటే సుమారు 3 గ్రాముల ఉప్పు, కూరల్లో వేసుకునేది కాక. మాంసం తినేవాళ్లయితే మటన్ ఎముకల సూపు ఇంకా మంచిది. మూడో రాత్రికి పిక్కలు ఊరుకున్నాయి, వారానికి దడ కూడా పోయింది.

ఇక్కడ ఆగి ఒక మాట. బీపీ ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు ఈ పైన రాసిన ఉప్పు సలహా నా మాట మీద పాటించకండి, డాక్టర్‌ని అడగండి. షాపుల్లో 'లో సోడియం' ఉప్పని అమ్మేదాంట్లో కొంత పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, కిడ్నీ సరిగా లేనివాళ్లకీ, టెల్మిసార్టన్ లాంటి బీపీ మందులు వాడేవాళ్లకీ అది ప్రమాదం కావచ్చు.

పొటాషియం, మెగ్నీషియం కూడా చూసుకోవాలి గానీ వీటికి ముందు వంటింట్లోనే వెతకండి. పాలకూర, తోటకూర రోజూ ఒక పెద్ద గిన్నెడు వేపుడో, కొబ్బరి కూరో. చాలామంది కీటో అంటే గుడ్లు, చికెన్, పన్నీరు అనుకుని ఆకుకూర ముట్టరు, తర్వాత మలబద్ధకం అంటారు, కడుపు ఉబ్బరంతో నిద్ర లేదంటారు. గుమ్మడి గింజలు ఒక గుప్పెడు, అంటే ఓ 28 గ్రాములు తింటే 150 మిల్లీగ్రాముల దాకా మెగ్నీషియం వస్తుంది, బాదం అంతే తింటే 80 దాకా. మాత్రే కావాలనుకుంటే మెగ్నీషియం గ్లైసినేట్ అనే రకం పొట్టకి కాస్త నయం, ఆక్సైడ్ రకంతో విరేచనాలయ్యి ఉన్న నిద్ర కూడా పోతుంది. అయినా దాంతో అందరికీ నిద్ర పడుతుందని చెప్పలేం. నాకైతే గింజలే సరిపోయాయి. కొబ్బరి నీళ్లు మంచివే కదా అని రోజుకి రెండు బోండాలు తాగేవాళ్లున్నారు, వాటిలో చక్కెర ఉంటుంది, లెక్కలో వేసుకోండి.

నీళ్ల సంగతికొస్తే, మన దగ్గర కీటో అనగానే వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి గుర్తొస్తుంది, రోజుకి 4 లీటర్ల నీళ్లు, 3 నిమ్మకాయలు, 70 నుంచి 100 గ్రాముల కొవ్వు. నేనూ ఆ దారిలోనే మొదలుపెట్టాను. ఆఫీసులో పగలంతా పని ధ్యాసలో లీటరున్నర తాగి, ఇంటికొచ్చాక "అమ్మో ఇంకా రెండున్నర ఉంది" అని ఏడింటి నుంచి పదింటి మధ్య గటగటా లాగించేవాణ్ణి. రాత్రి మూడుసార్లు లేవక చస్తానా? తప్పు పూర్తిగా నాదే. ఇప్పుడు మధ్యాహ్నం రెండింటికల్లా సగానికి పైగా అయిపోవాలి, సాయంత్రం ఏడు దాటాక గొంతు తడుపుకోవడమే. ఇంకోటి, ఉప్పు లేకుండా ఉత్త నీళ్లు అదే పనిగా తాగితే ఉన్న సోడియం ఇంకా పలచబడుతుంది. దాహానికి తగ్గట్టు తాగండి, టార్గెట్ కొట్టడానికి కాదు.

రాత్రి భోజనం. కొవ్వు ఎక్కువున్న తిండి కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. తొమ్మిదిన్నరకి నెయ్యిలో వేయించిన చికెన్ అరకిలో తిని పదింటికి పడుకుంటే ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు, రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని అర్ధరాత్రి కూర్చోవడం. పడుకునేదానికి మూడు గంటల ముందే తినేయండి. కొవ్వులో ఎక్కువ భాగం మధ్యాహ్నానికి జరపండి, రాత్రికి రెండు గుడ్ల ఆమ్లెట్టో, చేప ముక్కలో, ఒక కూరో చాలు. కీటోలో ఆకలి తగ్గుతుంది కాబట్టి కొందరు రాత్రి తిండే ఎగ్గొడతారు. అది పడితే మంచిదే, కానీ మొదటి రెండు వారాల్లో వద్దంటాను. కాలిన కడుపుతో పడుకుంటే కొందరికి తెల్లవారుజామున మెలకువ వచ్చి ఒళ్లంతా చురుగ్గా, ఏదో పరీక్ష ఉన్నట్టు ఉంటుంది. ఆ మెలకువలో ఫోన్ తీసి కీటోన్ల (కొవ్వు కరిగేటప్పుడు ఒంట్లో తయారయ్యే పదార్థాలు) గురించి వెతక్కండి, ఎలాగూ తెల్లారిపోతుంది.

రోజుకి 20 నుంచి 50 గ్రాముల పిండిపదార్థాలు మీకు కేటాయించుకున్నారనుకోండి, అవి రాత్రికి దాచుకుని చూడండి. పొద్దున టీలో పాలకి, మధ్యాహ్నం ఉల్లిపాయలకి ఖర్చు పెట్టే బదులు, రాత్రి ఒక చిన్న కప్పు గడ్డపెరుగు, నాలుగు జామ ముక్కలు. ఇది కొందరికి బాగా పనిచేస్తుంది, నాకు పని చేసింది, ఉచితం కూడా.

కాఫీ గురించి నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. అన్నం లేని నీరసానికి వెన్న వేసిన కాఫీ పట్టుకున్నాను, పొద్దునొకటి, పదకొండింటికొకటి, నాలుగింటికొకటి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, అంటే నాలుగింటి కాఫీలో సగం రాత్రి తొమ్మిదింటికి నాలోనే ఉంది. మధ్యాహ్నం 12 తర్వాత మానేశాను. రెండు రోజులు తలనొప్పి, తర్వాత ఏం లేదు. టీకీ ఇదే వర్తిస్తుంది, మా ఇంట్లో ఒప్పుకోరు గానీ.

షుగర్ మందులు వాడేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో పాత మోతాదులోనే వేసుకుంటూ పిండిపదార్థాలు తీసేస్తే రాత్రి నిద్రలో షుగర్ పడిపోవచ్చు. చెమటలతో, వణుకుతో, పీడకలతో మెలకువ వస్తే "కీటో వల్ల నిద్ర పట్టట్లేదు" అని సర్దుకుని పడుకోకండి, లేచి గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే కీటో గీటో పక్కన పెట్టి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి, పొద్దున్నే డాక్టర్‌కి ఫోన్ చేయండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లయితే డాక్టర్‌కి చెప్పకుండా కీటో మొదలే పెట్టొద్దు, వీటితో షుగర్ మామూలుగా కనిపిస్తూనే కీటోయాసిడోసిస్, అంటే కీటోన్లు మితిమీరి రక్తం ఆమ్లంగా మారడం, రావచ్చు. అది ఆస్పత్రి కేసు.

ఇవన్నీ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. ముందు ఉప్పు, నీళ్ల టైము, నాలుగు రోజులు. తర్వాత కాఫీ. తర్వాత భోజనం టైము. చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది, నాకు 19 రోజులు పట్టింది. దడ తగ్గకపోతే, కొట్టుకోవడంలో మధ్యమధ్యలో తప్పినట్టు అనిపిస్తే, వారాల లెక్క చూడకుండా ఈసీజీ తీయించుకోండి. ఐదారు వారాలైనా నిద్ర ఇంకా చెడ్డగానే ఉంటే పట్టుదలకి పోవద్దు, పిండిపదార్థాలు 80, 100 గ్రాములకి పెంచేయండి. మా బావ అదే చేశాడు, రాత్రి ఒక కప్పు అన్నం వెనక్కి తెచ్చుకున్నాడు. బరువు తగ్గడం నెమ్మదించింది, గురక మాత్రం గోడ అవతలికి మళ్లీ వినిపిస్తోందని మా అక్క గొడవ.