బ్రజోస్ ఒడ్డున ఇల్లు చూసుకుంటున్నారా?

టెక్సస్‌లో హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్, మిస్సోరీ సిటీ, రిచ్‌మండ్ వైపు ఇల్లు వెతికేటప్పుడు అందరూ స్కూళ్ల గురించే అడుగుతారు. బ్రజోస్ నది ఎంత దూరమో కూడా అడగండి. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ సీజన్. టీవీలో గాలి వేగం గురించి ఊదరగొడతారు గానీ, ఈ పల్లపు నేలను ముంచేది నీళ్లే.

ఈ నదికి వరద ఆలస్యంగా వస్తుంది. 2017లో హార్వీ హరికేన్ ఆగస్టు 25న తీరం దాటింది. రిచ్‌మండ్ దగ్గర బ్రజోస్ మాత్రం వానలు వెలిసాక, సెప్టెంబర్ 1న 55 అడుగులు దాటి రికార్డుకెక్కింది. ఎగువ నీళ్లు దిగడానికి రోజులు పడుతుంది మరి. అందుకే ఇల్లు ఖాళీ చేయమన్నాక, ఎండ కాసిందని తిరిగి రాకండి. నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో రిచ్‌మండ్ నీటిమట్టం అంచనా చూస్తూ ఉండండి.

చాలా కాలనీల చుట్టూ కరకట్ట ఉంటుంది. ఇక్కడ లెవీ అంటారు. ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులో ఎల్‌ఐడీ (లెవీ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) అని కనిపించేది దాని ఖర్చే. కట్ట ఉంది కదా, ఇంకేం టెన్షన్ అనుకోవద్దు. నది పొంగితే కట్టలోని గేట్లు మూసేస్తారు. అప్పుడు కాలనీ లోపల కురిసిన వానను పంపులతో బయటికి తోడాల్సిందే. పంపులు తోడలేనంత కురిస్తే కట్ట చెక్కుచెదరకపోయినా వీధిలో నీళ్లు నిలుస్తాయి.

మామూలు హోమ్ ఇన్సూరెన్స్‌లో వరద నష్టం రాదు. ఫెడరల్ ఫ్లడ్ పాలసీ విడిగా తీసుకోవాలి. ఇంటికి 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 దాకా వస్తుంది. కానీ సాధారణంగా 30 రోజులు గడిస్తే గానీ అమల్లోకి రాదు, గల్ఫ్‌లో తుఫాను పుట్టాక పరిగెత్తితే లాభం లేదు. ఇంటి లోన్‌ కోసం క్లోజింగ్‌తో (సంతకాలయ్యి ఇల్లు మీ పేరున మారే రోజు) పాటే తీసుకుంటే ఆ గడువు ఉండదు. ఫెమా (ఫెడరల్ విపత్తుల సంస్థ) వరద మ్యాపులో ఎక్స్ జోన్, అంటే వరద ముప్పు తక్కువున్న చోటు అని ఉంటే లోన్‌కి ఆ పాలసీ తప్పనిసరి కాదు. అయినా నా మాట విని తీసుకోండి. అద్దెకుండేవారు సామాను వరకూ తీసుకోవచ్చు.

పాత ఇల్లయితే గతంలో నీళ్లొచ్చాయా అన్నది అమ్మేవారు డిస్‌క్లోజర్ ఫారంలో రాసివ్వాలి. టెక్సస్‌లో 2022 నుంచి అద్దె ఇంటి ఓనర్లు కూడా గత 5 ఏళ్ల వరద సంగతి రాతపూర్వకంగా చెప్పాలి. ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టకండి.

పాస్‌పోర్టులు, ఐ-797 (ఇమ్మిగ్రేషన్ నోటీసు) ఒరిజినల్స్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు జిప్ కవర్లో పెట్టి పై అంతస్తులో ఉంచండి. వెళ్లాల్సి వస్తే ముందు చేతికి అందాల్సింది అదే. ఇక రోడ్డు మీద పారే నీళ్లలోకి కారు దించొద్దు. అడుగు లోతు ప్రవాహం చాలు, చిన్న కారును ఈడ్చుకుపోవడానికి.