మిద్దెతోట పాఠాలు – 6వ భాగం: మట్టికి బెల్లం ఎందుకు, ఎంత?

గత పాఠంలో మట్టి మిశ్రమం కలుపుకుని కుండీలు నింపుకున్నాం. ఆ మట్టిలో ఉండే సూక్ష్మజీవులకు మేత అందించే పద్ధతిని ఈ పాఠంలో నేర్చుకుందాం. విదేశాల్లో ఇంటి తోటల వాళ్లు ఇందుకు చెరకు మొలాసిస్ (చక్కెర తయారీలో మిగిలే ముదురు పాకం) వాడతారు. మన దగ్గర మొలాసిస్ ఎక్సైజ్ నిబంధనల కిందికి వచ్చే సరుకు కాబట్టి దాని కోసం తిరగనవసరం లేదు. వంటింట్లో ఉండే బెల్లమే చాలు.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. బెల్లం నీళ్లు పోస్తే కాయలు తియ్యగా వస్తాయని చాలామంది నమ్ముతారు. మొక్క తనకు కావలసిన చక్కెరను ఎండ, గాలి, నీటితో ఆకుల్లో తానే తయారుచేసుకుంటుంది. వేర్లు ప్రధానంగా పీల్చుకునేది నీటిని, అందులో కరిగిన ఖనిజాలను. పైగా ఆకుల్లో తయారైన చక్కెరలో కొంత భాగం వేర్ల ద్వారా మట్టిలోకి స్రవిస్తుంది. వేరు చుట్టూ చేరే బాక్టీరియాకు, శిలీంధ్రాలకు అదే ఆహారం. మనం బెల్లం వాడినప్పుడు కూడా మేత అందేది వాటికే. అవి పెరిగి, పశువుల ఎరువును, ఎండుటాకులను కుళ్లబెట్టినప్పుడు విడుదలయ్యే పోషకాలే చివరకు మొక్కకు చేరతాయి.

ఇక్కడే జాగ్రత్త అవసరం. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెర. కొద్దిగా పొటాషియం, ఇతర ఖనిజాలు ఉంటాయి గాని నత్రజని దాదాపు ఉండదు. పది గ్రాముల చక్కెరలో సుమారు 4.2 గ్రాముల కార్బన్ ఉంటుంది. సూక్ష్మజీవులు అందులో ఇంచుమించు 40 శాతాన్ని తమ దేహంగా మార్చుకుంటాయని, ఆ దేహంలో ఎనిమిది పాళ్ల కార్బన్‌కు ఒక పాలు నత్రజని ఉంటుందని అనుకుంటే, వాటికి 0.2 గ్రాముల నత్రజని కావాలి. వట్టి బెల్లం నీళ్లు పోస్తే ఆ నత్రజనిని అవి మట్టి నుంచే లాక్కుంటాయి, దాంతో మొక్క కింది ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. అదే పది గ్రాముల శనగపిండిలో, మాంసకృత్తుల రూపంలో, సుమారు 0.35 గ్రాముల నత్రజని ఉంటుంది. పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి పులియబెట్టే జీవామృతం అనే ద్రావణంలో బెల్లం ఎంతో పప్పుపిండీ అంతే వేయమనడంలోని మర్మం ఈ లెక్కలో తెలిసిపోతుంది. ఆ సూత్రం చెప్పినవారు ఈ లెక్క కట్టారో లేదో గాని, పాళ్లు మాత్రం చక్కగా కుదిరాయి.

ప్రకృతి వ్యవసాయ ప్రచారకుడు సుభాష్ పాలేకర్ ప్రచారంలోకి తెచ్చిన జీవామృతాన్ని, 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో, వేలాది గ్రామాల రైతులు వాడుతున్నారు. ఎకరానికి చెప్పే పాళ్లు ఇవి: 200 లీటర్ల నీరు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గట్టు మీది మట్టి ఒక గుప్పెడు. మిద్దెతోటకు దీన్ని ఇరవయ్యో వంతుకు కుదించుకుంటే 10 లీటర్ల నీటికి అరకిలో పేడ, పావు నుంచి అర లీటరు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల పిండి సరిపోతాయి. నగరంలో పేడ, మూత్రం గోశాలల్లో అడిగితే దొరుకుతాయి. శనగపిండి ఖరీదనుకుంటే ఉలవలు మరపట్టించుకోవచ్చు.

బెల్లం ఎంపికలో రంగు చూసి మోసపోకూడదు. పసుపుపచ్చగా మెరిసే అచ్చులకు ఆ రంగు రావడానికి పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలపడం మామూలే. ముదురు గోధుమ రంగులో, వేలితో నొక్కితే కాస్త అంటుకునే బెల్లం మన పనికి మేలు. వానాకాలంలో చెమ్మగిల్లి వంటకు పనికిరాకుండా పోయినదైనా ఫరవాలేదు. నల్లబెల్లం ఇంకా చవక గాని, నాటుసారా కాయడానికి వాడతారన్న కారణంగా తెలంగాణలో దాని అమ్మకాలపై నిఘా ఉంటుంది. అరకిలో కోసం ఆ ప్రశ్నలన్నీ ఎదుర్కోవడం ఎందుకు?

ఇక తయారీకి వద్దాం. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి, 15 లీటర్ల ప్లాస్టిక్ బకెట్లో 10 లీటర్లు పట్టి, మూత పెట్టకుండా ఒక రాత్రి ఉంచాలి. మర్నాడు బెల్లాన్ని దంచి, చెంబెడు నీటిలో కరిగించి, గుడ్డతో వడకట్టి పోయాలి. పిండిని విడిగా జారుగా కలుపుకోకుండా నేరుగా వేస్తే ఉండలు కట్టి, ఆ ఉండలు అడుగున కుళ్లిపోతాయి. పేడ, మూత్రం, గుప్పెడు మట్టి చేర్చి, కర్రతో బాగా తిప్పి, పైన గోనెపట్టా కప్పి నీడలో పెట్టాలి. రోజుకు రెండుసార్లు, కొద్ది నిమిషాల చొప్పున కలియబెట్టాలి. కుడివైపుకే తిప్పాలని నియమంగా చెబుతారు. నా మటుకు దిక్కు కంటే గాలి కలవడమే ముఖ్యం, కర్ర అడుగుదాకా వెళ్లి మధ్యలో సుడి పడేలా తిప్పితే చాలు. ఎండాకాలంలో రెండు రోజులకు, చలికాలంలో మూడు నాలుగు రోజులకు పైన సన్నని నురుగు తేలి, పులిసిన పిండిని తలపించే వాసన వస్తుంది. అప్పటికి బెల్లంలోని చక్కెరలో చాలా భాగం బకెట్లోనే ఖర్చయిపోయి, కుండీలోకి చేరేది వృద్ధి చెందిన సూక్ష్మజీవులే అవుతాయి. వట్టి బెల్లం నీళ్లకూ దీనికీ అసలు తేడా అదే.

మురుగు కంపు వస్తే మాత్రం గాలి అందక చెడిపోయిందని అర్థం. దాన్ని కుండీల్లో పోయకుండా కంపోస్టు గుంతలో పారబోయాలి.

తయారైన ద్రావణాన్ని వారం లోపల వాడుకోవాలి. ఒక లీటరుకు పది లీటర్ల నీరు కలిపి, సాయంత్రం పూట, అప్పటికే తడిగా ఉన్న మట్టిలో పోయాలి. 20 లీటర్ల పెయింటు బకెట్లో పెరిగే వంగ, టమాటా మొక్కకు అర లీటరు నుంచి లీటరు దాకా, పదిహేను రోజులకొకసారి పోస్తే సరిపోతుంది. ఎక్కువ పోస్తే సూక్ష్మజీవులు మట్టిలోని ప్రాణవాయువును వాడేసి వేర్లకు ఊపిరాడకుండా చేస్తాయి. అడుగున రంధ్రాలు పూడుకుపోయిన కుండీల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. చీమలు పడితే బెల్లం పూర్తిగా పులియలేదని గ్రహించి, మిగిలిన ద్రావణాన్ని మరో రోజు ఉంచాలి. బెల్లం వల్ల ఆకులు పసుపెక్కాయని అనుమానం వస్తే వాడకం ఆపి, వేరుశనగ చెక్క నానబెట్టి పులియబెట్టిన నీటిని పలుచగా పోయాలి.

ఈ పక్షం అభ్యాసం: ఒకే రోజు విత్తిన మూడు బెండ మొక్కలను ఎంచుకోండి. ఒకదానికి మామూలు నీరు, రెండోదానికి లీటరుకు పది గ్రాముల చొప్పున కరిగించిన వట్టి బెల్లం నీరు, మూడోదానికి పలుచన చేసిన జీవామృతం, వారానికొకసారి అర లీటరు చొప్పున పోయండి. కింది నుంచి మూడో ఆకు రంగును, మట్టి వాసనను, చీమల రాకను తేదీలతో సహా పుస్తకంలో రాసుకోండి. చేపల వ్యర్థాలను బెల్లంతో సమపాళ్లలో ఊరబెట్టే ద్రావణాన్ని వచ్చే భాగంలో నేర్చుకునేటప్పుడు ఈ నమోదులు పక్కనే ఉండాలి.