నోట్స్ కనిపిస్తున్నాయి, వినిపించడం లేదు: తేడా ఎక్కడుంది?

"సార్, ఫోన్ మీ నోట్స్ చదవట్లేదండి" అని చూపు లేని స్టూడెంట్ చెబితే మన అనుమానం ముందు ఫోన్ మీదికే పోతుంది. నేనూ అంతే. సెట్టింగులు మార్చుకో, యాప్ అప్‌డేట్ చేసుకో అంటూ రెండు వారాలు తిప్పాను. చివరికి తప్పు నా ఫైల్లోనే ఉందని తేలింది. డిగ్రీలో ఎకనామిక్స్ చెబుతాను కాబట్టి ఇక్కడి ఉదాహరణలన్నీ ఆ సబ్జెక్టువే.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఫైల్లోంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ ఏం వచ్చిందో చూస్తే సగం రోగం తెలిసిపోతుంది.

సమస్య: పేస్ట్ చేస్తే తెలుగు పోయి పిచ్చి గుర్తులు వచ్చాయి

కారణం: నోట్స్ 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో టైప్ అయింది. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పేజ్‌మేకర్, అను ఫాంట్లే నడిచాయి. అందులో మనకు 'క' కనిపిస్తుంది కానీ కంప్యూటర్‌కి అది 'క' కాదు. ఏదో ఇంగ్లిషు అక్షరం మొహానికి తెలుగు బొమ్మ అతికించినట్టన్నమాట. కంటికి ఆ బొమ్మ చాలు. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు (కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఫోన్‌లో టాక్‌బ్యాక్ లాంటివి) మాత్రం బొమ్మ వెనకున్న అక్షరాన్నే చదువుతాయి. అందుకే ఆ గోల. కంట్రోల్ ఎఫ్ కొట్టి 'ద్రవ్యోల్బణం' అని వెతికినా దొరకదు. అంటే ఈ ఫైల్ చూపున్నవాళ్లకూ సగమే పనికొస్తోంది.

ఏం చేయాలి: అసలు ఫైల్ ఉంటే 'అను' నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేయండి. యూనికోడ్ అంటే తెలుగు 'క'ను కంప్యూటర్ కూడా 'క'గానే గుర్తించే పద్ధతి. తర్వాత ఒకసారి చదివి తీరాలి. వత్తులు, సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు వస్తాయి. కొత్త నోట్స్ మొదటి నుంచీ యూనికోడ్‌లోనే కొట్టించండి. నిర్మలా యూఐ విండోస్‌లోనే ఉంటుంది. మండలి, రామభద్ర లాంటివి ఉచితంగా దొరుకుతాయి. "ఆపిల్ కీబోర్డు (అను ఫాంట్లతో వాడే ఒక లేఅవుట్) తప్ప నాకు రాదండీ" అని డీటీపీ ఆపరేటర్ అంటే భయపడక్కర్లేదు. అదే లేఅవుట్‌తో యూనికోడ్ కొట్టే టూల్స్ ఉన్నాయి.

సమస్య: అసలు కాపీయే కావడం లేదు

కారణం: అది స్కాన్ చేసిన పేజీ, లేదా ఫోన్‌తో తీసిన ఫొటో. వాట్సాప్‌లో తిరిగే నోట్స్‌లో ఎక్కువ భాగం ఇవే.

ఏం చేయాలి: గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. అది బొమ్మలోని తెలుగును అక్షరాలుగా మారుస్తుంది. పెద్ద ఫైలైతే కొన్ని పేజీల చొప్పున విడగొట్టండి. తర్వాత తప్పులు దిద్దడం మాత్రం మన పనే. ద, ధ, థ దగ్గర కన్ను వేయండి. అర్థశాస్త్రం కాస్తా అర్ధశాస్త్రం అయిపోతే, వినేవాడికి సగం శాస్త్రమే మిగులుతుంది. చేతిరాత నోట్స్‌ను ఇలా నమ్మలేం, మళ్లీ టైప్ చేయించడమే మేలు.

సమస్య: యూనికోడే, అయినా పీడీఎఫ్ సరిగా చదవడం లేదు

దీనికి కారణాలు రెండు. పీడీఎఫ్‌గా మారేటప్పుడు తెలుగు గుణింతాలు, వత్తుల వరస చెదరడం ఒకటి. నోట్‌ప్యాడ్ పరీక్షలో ఇది ఇట్టే బయటపడుతుంది. పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైల్ కూడా పెడితే గొడవే ఉండదు. పీడీఎఫ్ ఒక్కటే ఇవ్వడం మనకు అలవాటైపోయింది కానీ, అందులో స్టూడెంట్‌కి ఒరిగేదేమీ లేదు.

రెండోది, 'ప్రింట్'లోకి వెళ్లి పీడీఎఫ్ చేయడం. అలా చేస్తే హెడింగుల గుర్తులన్నీ పోతాయి. 'సేవ్ యాజ్' వాడండి. అంతకుముందు వర్డ్‌లో శీర్షికలకు హెడింగ్ స్టైల్ పెట్టండి. అక్షరాలు పెద్దవి చేసి బోల్డ్ కొడితే అది హెడింగ్ కాదు. స్టైల్ పెట్టి ఉంటే, ఎన్‌వీడీఏ వాడేవాళ్లు హెచ్ నొక్కుతూ ఒక్కో శీర్షికకు దూకుతారు. లేకపోతే నలభై పేజీల యూనిట్‌లో 'ద్రవ్య విధానం' కోసం మొదటి నుంచీ వినాల్సిందే.

సమస్య: గ్రాఫ్ దగ్గరికి రాగానే "ఇమేజ్" అని ఊరుకుంటోంది

బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్ లేదు, అంటే బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పే వివరణ లేదు. బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే ఆ పెట్టె దొరుకుతుంది. అందులో "గ్రాఫ్ 3" అని రాస్తే రాయనట్టే. ఇలా రాయండి: "డిమాండ్ రేఖ ఎడమ నుంచి కుడికి కిందికి వాలుతుంది. సప్లై రేఖ పైకి లేస్తుంది. 20 రూపాయల ధర, 50 కిలోల దగ్గర రెండూ కలుస్తాయి." సూత్రాల ఫొటోలు వద్దు, వర్డ్ ఈక్వేషన్ ఎడిటర్‌లో కొట్టండి.

సమస్య: వీడియో పాఠం అర్థం కావడం లేదు

"ఇది ఇక్కణ్నుంచి ఇక్కడికొస్తుంది" అని బోర్డు మీద వేలు పెట్టి చూపిస్తాం. చూడలేనివాళ్లకు అది శూన్యం. "డిమాండ్ రేఖ కుడివైపు జరిగింది" అనడం అలవాటు చేసుకోండి. వినలేనివాళ్లకు క్యాప్షన్లు కావాలి. వాటంతట అవి వచ్చే క్యాప్షన్లు మన తెలుగు-ఇంగ్లిషు కలగాపులగానికి తడబడతాయి, దిద్దకుండా వదలొద్దు. భారతీయ సంజ్ఞా భాషలోనే పెరిగిన స్టూడెంట్‌కి తెలుగు క్యాప్షన్లు కూడా చాలకపోవచ్చు. ఆ స్టూడెంట్‌నే అడిగి, కుదిరితే ఇంటర్‌ప్రెటర్‌ను ఏర్పాటు చేయండి.

సమస్య: క్విజ్ మధ్యలోనే టైమ్ అయిపోతోంది

విని రాయడానికి చూసి రాసేదానికన్నా ఎక్కువసేపు పడుతుంది. రాత పరీక్షల్లో దివ్యాంగులకు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు 2018లోనే చెప్పాయి. ఆన్‌లైన్‌లోనూ అదే లెక్క పెట్టండి. ఆన్‌లైన్ పాఠాలు, క్విజ్‌లు పెట్టే మూడ్ల్ సాఫ్ట్‌వేర్‌లో అయితే 'యూజర్ ఓవర్‌రైడ్' అనే చోట ఒక్క స్టూడెంట్‌కే టైమ్ పెంచవచ్చు, క్లాసంతటికీ మార్చక్కర్లేదు. మౌస్‌తో లాగి జతపరిచే ప్రశ్నలు కీబోర్డు వాడేవాళ్లకు టెన్షనే. అదే ప్రశ్నను మల్టిపుల్ ఛాయిస్‌గా అడగండి. సరైన జవాబును పచ్చ రంగుతో మాత్రమే చూపించకుండా, పక్కన 'సరైనది' అని కూడా రాయండి.