మ్యూనిక్ నుంచి న్యూరెంబర్గ్‌కు తక్కువ ఖర్చుతో

మ్యూనిక్‌లో దిగి, ఒక రోజు న్యూరెంబర్గ్ పాత నగరం చూసి రావాలనుకుంటే ముందుగా బెదరగొట్టేది రైలు ఛార్జీ. ప్రయాణం రోజున నలుగురికి ఐసీఈ (వేగంగా నడిచే దూరప్రాంత రైలు) టికెట్లు కొనాలంటే జేబు ఖాళీ అవుతుంది. మేము బవేరియా రాష్ట్రంలో ఒక రోజంతా తిరగడానికి ఇచ్చే బయర్న్ టికెట్‌తో వెళ్లి వచ్చాం.

స్టేషన్‌లోని ఎర్ర యంత్రం మీద ముందు భాషను ఇంగ్లీషుకు మార్చుకోండి. జర్మన్ రాకపోయినా ఇబ్బంది ఉండదు. బయర్న్ టికెట్ ఎంచుకుని, ఎంతమందో నొక్కండి. ఒకే టికెట్ మీద 5 మంది దాకా వెళ్లవచ్చు. ఒక్కో మనిషికి అదనంగా కలిసే మొత్తం చిన్నదే కాబట్టి గుంపుగా వెళితేనే అసలు లాభం. టికెట్ చేతికి రాగానే దాని మీద పేర్లు పెన్నుతో రాయండి. ఈ పని చాలామంది మరిచిపోతారు. గుర్తింపు పత్రం కూడా దగ్గర ఉంచుకోండి.

అదే టికెట్ న్యూరెంబర్గ్ మెట్రోలో, ట్రాముల్లో, బస్సుల్లో కూడా చెల్లుతుంది. కోట ఎక్కాక కాళ్లు నొప్పి పుడితే నిశ్చింతగా ట్రామెక్కి స్టేషన్‌కు రావచ్చు. పొద్దున కాస్త త్వరగా బయలుదేరి మధ్యాహ్నం 12 గంటలకు ప్రధాన కూడలిలోని ఫ్రావెన్‌కిర్షె చర్చి ముందు నిలబడండి. గడియారంలోంచి బొమ్మలు బయటికి వచ్చి చక్రవర్తి బొమ్మ చుట్టూ తిరుగుతాయి. పిల్లలకు తప్పక చూపించాల్సిన దృశ్యం.

ఒక్క జాగ్రత్త: సోమవారం నుంచి శుక్రవారం దాకా ఈ టికెట్ ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది. ఆర్ఈ, ఆర్‌బీ, ఎస్-బాన్ వంటి ప్రాంతీయ రైళ్లే ఎక్కాలి. తొందరలో ఐసీఈ ఎక్కితే మిగిల్చిందంతా అక్కడే పోతుంది.