తుంటి కీలు మార్చాక నొప్పి వస్తోందా? తప్పు సిరామిక్‌దే కాకపోవచ్చు

హైదరాబాద్‌లో ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయించే నాకు తరచూ వినిపించే ప్రశ్న: "మేడమ్, మా మామయ్యకి తుంటిలో పెట్టిన సిరామిక్ కీలు ఎముకకి పట్టుకోలేదేమో, నొప్పంటున్నారు."

సిరామిక్ ఎముకకు పట్టుకోదు. అసలు దాని పని అది కాదు. సిమెంట్ (కీలును ఎముకకు అంటించే పదార్థం) వాడని కీలులో ఎముకను తాకేది ఎక్కువగా టైటానియమే. కటి ఎముకలో బిగించే గిన్నె, తొడ ఎముక లోపలికి దింపే కాడ, రెండూ ఆ లోహమే. ఈ రకం మిశ్రమలోహం మన కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ లోహ సంస్థ మిధానీలోనూ తయారవుతుంది. సిరామిక్ బంతి కాడ పైన కూర్చుంటుంది, లైనర్ అనే లోపొర గిన్నె లోపల ఇముడుతుంది. అరుగుదల లేకుండా జారడమే వాటి పని. 1970లో ఫ్రాన్స్‌లో పియర్ బూటాన్ అనే సర్జన్ అల్యూమినా అనే సిరామిక్‌తో కీళ్లు మొదలుపెట్టిన కొత్తలో ఆ గిన్నెలు ఎముకలో నిలవక వదులైపోయేవి. తర్వాత లోహపు గిన్నెలో సిరామిక్ లైనర్ పెట్టే పద్ధతి స్థిరపడింది. ఎముకతో నేరుగా కలిసే సిరామిక్ మాత్రం ఒకటుంది. అది కొన్ని కాడల మీద వేసే హైడ్రాక్సీఅపటైట్ పూత. మన ఎముకలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం ఆ కోవలోదే.

కాబట్టి నొప్పి ఎక్కడ, ఎప్పుడు వస్తోందో చూసుకుంటే తేడా ఏ అతుకులో ఉందో చాలావరకు తెలుస్తుంది.

లేవగానే తొడలో నొప్పి

సోఫాలోంచి లేస్తారు. మొదటి నాలుగడుగులు కుంటుతారు, చెయ్యి తొడ మధ్యకు పోతుంది. హాలు దాటేసరికి మామూలుగా నడుస్తారు. ఇలా ఉంటే ముందు కాడనే అనుమానించాలి.

టైటానియం పైపొరలోని సన్నని రంధ్రాల్లోకి ఎముక పెరగాలంటే అక్కడ కదలిక ఉండకూడదు. దాదాపు 40 మైక్రాన్ల లోపు కదలికను ఎముక ఓర్చుకుంటుంది. 150 దాటితే, అంటే సుమారు రెండు వెంట్రుకల మందం దాటితే, ఎముకకు బదులు పీచు కణజాలం వస్తుంది. అది ఎన్నాళ్లున్నా గట్టిగా పట్టదు. తొలి అతుకు పడటానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా నెలల తరబడి ఎముక సర్దుకుంటూనే ఉంటుంది. మొదటి ఏడాదిలో కొద్దిపాటి తొడనొప్పి వచ్చి దానంతటదే పోవడం సిమెంట్ లేని కాడల్లో మామూలే.

నొప్పి వారం వారం తగ్గుతుంటే చేతికర్రతో నడుస్తూ, డాక్టర్ చెప్పినంత బరువే వేస్తూ ఆగండి. సిగరెట్, బీడీ మానాలి, ఈ విషయంలో మొహమాటం లేదు. పెరుగుతుంటే, కాలు పొట్టి అయినట్టుంటే ఎక్స్‌రే తీయించాలి. ఒక్క ఫిల్మ్‌తో పెద్దగా తేలదు. ఆపరేషన్ అయిన మర్నాటిది, ఇప్పటిది పక్కపక్కన పెట్టి చూస్తేనే కాడ కిందికి దిగిందా, చుట్టూ నల్లగీత వచ్చిందా అన్నది కనిపిస్తుంది. బీరువా మీద చుట్టి పడేసిన ఆ మొదటి ఫిల్మ్ విలువ అప్పుడు తెలుస్తుంది. కాడ నిజంగా వదులైతే నూనె మర్దనలు, వ్యాయామాలు దాన్ని బిగించలేవు. మళ్లీ ఆపరేషనే మార్గం.

గజ్జలో నొప్పి

గిన్నె వదులైనా, గిన్నె అంచు ముందున్న కండర తంతువును ఒరుసుకున్నా ఇక్కడే వస్తుంది. కారెక్కడానికి కాలెత్తితే, ప్యాంటు తొడుక్కుంటుంటే పట్టేస్తోందంటే రెండోది కావచ్చు. స్కాన్ చూస్తూ ఆ తంతువు దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇస్తే నొప్పి పోతుందేమో చూసి డాక్టర్ తేల్చుకుంటారు.

కీలులోంచి కిర్రుమని శబ్దం

ఇక్కడ సిరామిక్ పాత్ర ఉంది. బంతి, లైనర్ రెండూ సిరామిక్ అయినప్పుడు వచ్చే శబ్దం ఇది. లైనర్ ప్లాస్టిక్‌దైతే సాధారణంగా రాదు. గిన్నె కోణం తేడాగా ఉండి బరువు అంచు మీద పడితే మధ్య ఉండే ద్రవపు పొర తెగి కిర్రుమంటుంది. నొప్పి లేకుండా ఎప్పుడో ఒకసారి వస్తే టెన్షన్ పడాల్సిందేం లేదు, తర్వాతి విజిట్‌లో చెప్పి ఎక్స్‌రే తీయించుకుంటే చాలు. కింద పడ్డాకో, ఉన్నట్టుండో కరకరమని రాస్తున్నట్టుంటే, దాంతో నొప్పి కూడా ఉంటే, అదే రోజు వెళ్లాలి. సిరామిక్ వంగదు, పగులుతుంది. ఇప్పటి గులాబీ రంగు మిశ్రమ సిరామిక్‌లో ఇది చాలా అరుదు. కానీ పగిలాక ఆలస్యం చేస్తే ముక్కలు కాడ మెడను కూడా గీకేస్తాయి. మార్చేటప్పుడు వట్టి లోహపు బంతి పెట్టించుకోవద్దు. ఎంత కడిగినా లోపల మిగిలే రేణువులు ఆ లోహాన్ని అరగదీస్తాయి. టైటానియం తొడుగున్న సిరామిక్ బంతి వేస్తారా అని సర్జన్‌ను ముందే అడగండి.

పడుకున్నా తగ్గని నొప్పి, జ్వరం, కుట్ల దగ్గర చెమ్మ

ఇన్ఫెక్షన్ అనుకోవాలి, ఎన్నేళ్ల తర్వాతైనా సరే. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగకండి. సూక్ష్మజీవి పరీక్షలో దొరక్కుండా పోతుంది, రోగం మాత్రం ఉంటుంది. ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు చూసి, కీలులోంచి ద్రవం తీసి కల్చర్‌కు, అంటే సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్షకు పంపాలి. త్వరగా పట్టుకుంటే లోపల శుభ్రం చేసి బంతి, లైనర్ మార్చి గట్టెక్కించే వీలుంది. ముదిరితే మొత్తం తీసి, కొన్నిసార్లు రెండు విడతల్లో, కొత్తది పెట్టాల్సి వస్తుంది.

కీలుతో సంబంధం లేనివి

ఆపరేషన్ అయిన పక్కకు తిరిగి పడుకుంటేనే నొప్పా? తుంటి పక్కనున్న ద్రవపు సంచి వాపు కావచ్చు, వ్యాయామంతో చాలామందికి తగ్గుతుంది. పిరుదు నుంచి మోకాలి కిందికి పాకుతుంటే నడుము చూపించుకోండి.

ఉన్నట్టుండి కాలు పొట్టిగా, లోపలికి తిరిగిపోయి, అడుగు పడకపోతే

కింద సక్లంముక్లం కూర్చుని లేచేటప్పుడో, ఇండియన్ టాయిలెట్ దగ్గరో బంతి జారి ఉండొచ్చు. ఎవరినీ కాలు లాగనివ్వకండి, పుత్తూరు కట్టుకు తీసుకెళ్లకండి. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. వెళ్తూ డిశ్చార్జ్ ఫైల్ పట్టుకెళ్లండి. అందులో అంటించిన ఇంప్లాంట్ స్టిక్కర్ల మీద కంపెనీ, బంతి సైజు, లైనర్ రకం, లాట్ నంబర్ ఉంటాయి. వేరే ఆస్పత్రిలో లైనర్ మార్చాల్సి వచ్చినా సరిపోయే భాగం తెప్పించేది ఆ స్టిక్కర్ చూసే. ఫైల్‌లో అవి లేకపోతే ఆపరేషన్ చేసిన చోట రికార్డ్స్ విభాగంలో అడిగి కాపీ తీసుకుని, ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.